తలుపు మీద 33, ట్రాక్ మీద 38: టైర్ల గాలి తేల్చుకోవడానికి నాకు పట్టిన ఏడు నెలలు

మార్చి రెండో ఆదివారం నా మొదటి ఆటోక్రాస్. అంటే ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టిన దారిలో ఒక్కొక్కరుగా కారు నడిపి, పట్టిన సమయంతో పోటీపడడం. సెప్టెంబరు చివరి ఆదివారం ఉదయం ఆరు గంటలకు ట్రాక్ పక్కన మోకాళ్ల మీద కూర్చొని, చల్లబడిన నాలుగు టైర్లలో గాలి కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఈ రెండు ఉదయాల మధ్య నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే: టైర్లలో గాలి ఎంత ఉండాలి? అడిగిన ప్రతివారూ ఒక అంకె చెప్పారు. ఏ ఇద్దరి అంకెలూ కలవలేదు. ఎందుకు కలవలేదో అర్థమయ్యేలోపు ఒక జత టైర్లు పోగొట్టుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది ముందు చక్రాలతో నడిచే చిన్న కారు. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద నాలుగు చక్రాలకూ 33 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అని ఉంటుంది. టైరు పక్కగోడ మీద గరిష్ఠం 51 అని అచ్చు ఉంటుంది. మొదటి ఆటోక్రాస్‌కు ముందు రోజు సాయంత్రం బంకులో గాలి కొట్టించి, నాలుగింటిలోనూ సరిగ్గా 33 పెట్టించుకున్నాను. కంపెనీ చెప్పిన అంకె కదా, అంతకన్నా సరైనది ఏముంటుంది అనుకున్నాను. బంకుకు వెళ్లేసరికి అరగంట కారు నడిపి టైర్లు వేడెక్కి ఉన్నాయన్న ఆలోచన అప్పటికి లేదు. తెల్లారేసరికి అవి 30కి దిగి ఉంటాయని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు కొలవనే లేదు.

కోన్‌ల మధ్య ఒక్కో పరుగు యాభై రెండు, యాభై మూడు సెకన్లు. నాకు నాలుగు పరుగులు వచ్చాయి. ప్రతి పరుగులోనూ అదే అనుభవం: స్టీరింగ్ తిప్పుతున్నాను, ముందు భాగం మాత్రం మలుపులోకి రాకుండా బయటికి తోసుకుపోతోంది. ఇంకా తిప్పితే టైర్లు కీచుమంటున్నాయే తప్ప కారు తిరగడం లేదు. నాకు నడపడం రావడం లేదని మనసు చిన్నబుచ్చుకొని పక్కకు వచ్చి నిలబడ్డాను. చాలా ఏళ్లుగా పోటీ చేస్తున్న ఒక పెద్దాయన వచ్చి, ఏమీ అడగకుండా ముందు ఎడమ టైరు దగ్గర వంగి, ఆ టైరు భుజం మీద వేలు పెట్టి చూపించారు. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) అయిపోయి పక్కగోడ మొదలయ్యే ఆ చోట చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రాపిడి ఆ గుర్తును దాటి, పక్కగోడ మీద అక్షరాల దాకా వచ్చింది.

“గాలి ఎంత పెట్టారు?” అన్నారు.

“33 అండీ. స్టిక్కరు మీద ఉన్నదే.”

“అది రోడ్డుకు. ఇక్కడ టైరు పక్కకు ఒరిగిపోయి మీరు గోడ మీద నడుపుతున్నారు. వచ్చేసారి ఒక సుద్దముక్క తెచ్చుకోండి.”

ఎంత పెట్టాలో మాత్రం చెప్పలేదు. అప్పుడు కొంచెం బాధ కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఆ రోజు నాకు చెప్పగలిగిన వాటిలో అన్నిటికన్నా ఉపయోగపడేది అదే.

తర్వాతి పోటీ మూడు వారాలకు. ఈసారి సుద్దముక్క, చేతిపంపు, గాలి కొలిచే నా పాత పెన్సిల్ గేజ్ తీసుకెళ్లాను. ప్రతి టైరు భుజం మీద మూడు చోట్ల, ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ దాకా అడ్డంగా సుద్దగీత గీయాలి. పరుగు అయ్యాక గీత ఎంతవరకు చెరిగిందో చూడాలి. త్రికోణం కొన దగ్గర చెరగడం ఆగితే సరిగ్గా ఉన్నట్టు. కొన దాటి చెరిగితే గాలి తక్కువ. కొన దాకా రాకుండా పైనే ఆగిపోతే ఎక్కువ. ముందు టైర్లలో 36తో మొదలుపెట్టాను. గీత గుర్తు దాటి బాగా చెరిగింది. 38 పెడితే కొద్దిగా దాటింది. 40 దగ్గర సరిగ్గా కొన మీద ఆగింది. ఆశ ఆగదు కదా, నాలుగో పరుగుకు 42 పెట్టాను. గీత పైనే మిగిలింది, బ్రేకు వేస్తే కారు ఎగురుకుంటూ జారింది, రెండు కోన్‌లు పడ్డాయి. మళ్లీ 40కి వచ్చాను.

40 దగ్గర స్టీరింగ్ తిప్పిన క్షణానే ముందు భాగం స్పందించింది. ఆ స్పందన చేతుల్లోకి వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సమయం సుమారు సెకను తగ్గింది. అందులో గాలి వాటా ఎంత, దారి గుర్తుండిపోవడం వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చెప్పలేను. ఒకే రోజు ఒకే దారిలో నాలుగోసారి నడిపితే ఎవరికైనా సమయం తగ్గుతుంది. అందుకే గడియారాన్ని కాక సుద్దగీతనే నమ్మాను.

ఒక సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. రెండు పరుగుల మధ్య గాలి సర్దుకోవడానికి సమయం ఉంటుందనుకున్నాను. ఉండదు. కొన్నిసార్లు ఇరవై అయిదు నిమిషాలు వరుసలో నిలబడాలి, కొన్నిసార్లు అయిదు నిమిషాలకే పిలుస్తారు. మీ వంతు రానప్పుడు మైదానంలో నిలబడి, ఇతరులు పడగొట్టిన కోన్‌లను ఎత్తిపెట్టే పని కూడా మీదే. ఆ గంటన్నరలో కారు ఎండలో నిలబడి ఉంటుంది. నేను తిరిగి వచ్చి కొలిస్తే ఎండ తగిలిన వైపు రెండు టైర్లు నీడ వైపు వాటికన్నా రెండు పీఎస్ఐ ఎక్కువ చూపించాయి. నాకేమీ అర్థం కాక ఎండ వైపు గాలి తీసేశాను. తర్వాతి పరుగులో అవి పూర్తిగా వేడెక్కేసరికి ఆ వైపు తక్కువ పడింది. అప్పటి నుంచి ఎండ వైపు టైర్లకు అట్టముక్కలు అడ్డం పెడుతున్నాను.

గేజ్ గురించి కూడా అదే రోజు కళ్లు తెరుచుకున్నాయి. నా పెన్సిల్ గేజ్ 37 చూపించిన టైరును పక్కవారి డయల్ గేజ్ 40 అంది, మూడో మనిషి డిజిటల్ గేజ్ 39 అంది. “నేను 40 పెడతాను” అని ఇద్దరు చెప్పినంత మాత్రాన ఇద్దరి టైర్లలో ఒకే గాలి ఉందని కాదన్నమాట. ఏది నిజమో తేల్చుకోలేను కానీ, ఎప్పుడూ ఒకే గేజ్ వాడితే నా అంకెలు నాకు ఉపయోగపడతాయి. ఆ వారమే గాలి వదిలే బొత్తాం ఉన్న డయల్ గేజ్ కొన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ఖర్చులన్నిటిలో దానికైనంత తక్కువ మరి దేనికీ కాలేదు. సుద్ద పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేసి, ఈ కొత్త గేజ్ మీద నా కారుకు ముందు 40 అని మళ్లీ నిర్ధారించుకున్నాను. పోటీకి పోటీకి మధ్య మూడు నాలుగు వారాలు ఆగాలి కాబట్టి, ఈ ఒక్క అంకె తేలేసరికి మే నెల వచ్చింది.

వెనక టైర్ల కథ త్వరగా ముగిసింది. ముందు చక్రాలతో నడిచే కారులో వెనక గాలి పెంచితే వెనక పట్టు కొంచెం తగ్గి, కారు మలుపులో సులువుగా తిరుగుతుంది. 34 నుంచి రెండేసి చొప్పున పెంచుతూ పోయాను. 38 దగ్గర కారు చక్కగా తిరిగింది. 40 దగ్గర మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం చుట్టూ తిరిగి ముందుకు వచ్చేసింది. దెబ్బలేమీ తగల్లేదు. 38కి దించి అక్కడే ఉంచాను.

జూన్‌లో మొదటి ట్రాక్ డే, అంటే రేసు ట్రాక్ మీద సొంత కారును సెషన్లుగా, విడతకు కొన్ని నిమిషాల చొప్పున నడుపుకునే రోజు. నేను పొరబడింది ఇక్కడే, దీని గురించి వివరంగా రాయాలి.

ఆటోక్రాస్‌లో అంత కష్టపడి సంపాదించిన అంకెలు కదా అని ముందు 40, వెనక 38 పెట్టుకొని వెళ్లాను. ఉదయం చల్లగా, 18 డిగ్రీలు ఉంది. మొదటి సెషన్ ఇరవై నిమిషాలు. మొదటి మూడు ల్యాపులు కారు అద్భుతంగా పట్టుకుంది. నాలుగో ల్యాపు నుంచి సబ్బు నీళ్ల మీద నడుపుతున్నట్టు అయింది. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి వచ్చి కొలిస్తే ముందు ఎడమ 50, ముందు కుడి 47, వెనక 43, 41న్నర. 50 అనే అంకె చూసి గుండె ఝల్లుమంది. 51 గరిష్ఠం అని టైరు మీదే రాసి ఉంది కదా, పేలిపోతుందేమో అనుకున్నాను. ఆ 51 చల్లని టైరులో నింపే గాలికి పరిమితి అని, వేడెక్కి పెరిగేదానికి కాదని తర్వాత తెలిసింది. ఎడమ వైపే ఎక్కువ వేడెక్కడానికీ కారణం ఉంది. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, కుడి మలుపులు ఎక్కువ, కారు బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది.

ఆటోక్రాస్‌లో ఒక నిమిషం నడిపి ఆపేస్తాం, టైరు పెద్దగా వేడెక్కదు. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఆగకుండా ఉడుకుతుంది. లోపలి గాలి ఎటూ పోలేక ఒత్తిడి పెరుగుతుంది. సుమారు అయిదున్నర డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున లెక్క వేసుకోవచ్చు. ఉదయం 18 డిగ్రీలున్న గాలి 70 డిగ్రీలకు చేరితే తొమ్మిది పది పీఎస్ఐ పెరగడంలో వింతేమీ లేదు. నైట్రోజన్ నింపితే పెరగదని ఒకరు సలహా ఇచ్చారు. అది కూడా ఇంచుమించు ఇంతే పెరుగుతుంది. పొడిగా ఉండడం ఒక్కటే దాని లాభం, పొడిగాలి నింపినా అదే ఫలితం.

ఆ కంగారులో నేను చేసిన పని ఇది: కంపెనీ అంకె 33 కదా అని, వేడిగా ఉన్న నాలుగు టైర్లనూ 33కి దించేశాను. ముందు ఎడమ టైరు నుంచి ఒక్కదెబ్బకు పదిహేడు పీఎస్ఐ వదిలాను. పక్కన ఎవరినైనా అడిగి ఉండాల్సింది. రెండో సెషన్‌లో స్టీరింగ్ మెత్తబడిపోయింది. తిప్పిన తర్వాత కారు ఒక క్షణం ఆలోచించి అప్పుడు తిరుగుతోంది. ఆరో ల్యాపులో ముందు నుంచి సన్నగా అదురు మొదలైంది, వెంటనే బయటికి వచ్చేశాను. ఎడమ టైరు బయటి భుజం మీద రబ్బరు ముక్కలు ముక్కలుగా లేచిపోయింది. మరో రెండు సెషన్లు మిగిలి ఉన్నాయి. నడపలేదు. సామాను సర్దుకొని మెల్లగా ఇంటికి వచ్చాను.

అసలు భయం మర్నాడు ఉదయం కలిగింది. కారు స్టార్ట్ చేయగానే టైరు గాలి హెచ్చరిక దీపం వెలిగింది. గేజ్ పెడితే ముందు ఎడమ 24. నిన్న వేడి మీద 33 అని నేను చూసి తృప్తిపడిన గాలి, చల్లబడ్డాక 24. అంటే స్టిక్కరు మీద ఉన్న 33తో పోల్చాల్సినది ఈ 24ను. అంత తక్కువ గాలితో నేను పూర్తి వేగంలో మలుపులు తిప్పాను, ఆ తర్వాత అదే గాలితో ఇంటిదాకా వచ్చాను. మలుపులో టైరు అంచు రిమ్ నుంచి ఊడివచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఆ ఉదయం చాలాసేపు కారు పక్కనే కూర్చుండిపోయాను. ఇది చదివేవారు ఇంకేది మరచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: ట్రాక్ దగ్గర వేడి మీద గాలి తీసినవాళ్లు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి.

చిరిగింది ఒక టైరే అయినా ముందు జత రెండూ మార్చాల్సి వచ్చింది. ఆ కొలత టైర్లు దొరక్క తొమ్మిది రోజులు కారు కదల్లేదు. గేజ్‌కు పెట్టిన ఖర్చును, ఈ రెండు టైర్ల ఖర్చును ఇప్పటికీ మనసులో పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉంటాను.

జులైలో ఒక ఆటోక్రాస్‌కు స్నేహితుడూ నేనూ ఒకే కారు నడిపాం. ఇద్దరి పరుగుల మధ్య అయిదు నిమిషాలే విరామం కావడంతో ముందు టైర్లు 40 నుంచి 45కి ఎక్కాయి. ప్రతి పరుగుకూ ముందు టైర్ల మీద నీళ్లు చల్లి, గాలి తీసి నెట్టుకొచ్చాం. ఇద్దరు నడిపే కారుకు నీళ్ల సీసా తప్పనిసరి.

రెండో ట్రాక్ డే సెప్టెంబరు చివరి శనివారం. మొదటిసారి జరిగినదంతా కాగితం మీద పెట్టి, ఈసారి వెనక నుంచి ముందుకు లెక్క వేశాను. నాలాంటి రోడ్డు టైర్లతో అదే ట్రాక్ నడిపే ముగ్గురిని అడిగాను. అయితే “ఎంత పెడతారు” అని కాదు, “సెషన్ అయ్యాక వేడి మీద ఎంత ఉంటుంది” అని అడిగాను. ఆశ్చర్యం ఏమిటంటే, చల్లని అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నవాళ్ల వేడి అంకెలు ముగ్గురివీ 37కూ 40కీ మధ్యే ఉన్నాయి. ఆరు నెలలుగా నేను ప్రశ్నే సగం అడుగుతున్నాను. ముందు 38, వెనక 36 వేడి మీద నా గురిగా పెట్టుకున్నాను.

ఉదయం 20 డిగ్రీల దగ్గర ముందు ఎడమ 32, ముందు కుడి 33, వెనక రెండింటిలో 32 పెట్టాను. ఎడమ ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఒకటి తగ్గించి మొదలుపెట్టడం. టైర్లు ఇంకా మెత్తగా ఉంటాయని తెలుసు కాబట్టి మొదటి రెండు ల్యాపులు నెమ్మదిగా, మలుపుల్లో తోయకుండా నడిపాను. సెషన్ తర్వాత ముందు ఎడమ 40, కుడి 39. ముందు రెండింటినీ 38కి, కాస్త పెరిగిన వెనక రెండింటినీ 36కి దించాను.

గాలితో పాటు వేడినీ కొలిచాను. మొదటి ట్రాక్ డేకు తీసుకెళ్లిన తుపాకీలాంటి థర్మామీటరు పనికిరాలేదు. అది టైరు పైపొర వేడినే చూపిస్తుంది, పిట్‌లోకి నెమ్మదిగా వచ్చేలోపే పైపొర చల్లబడుతుంది. ఈసారి రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు గుచ్చే సూది థర్మామీటరు అరువు తెచ్చుకున్నాను. ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్ల. ముందు ఎడమ: 80, 84, 88. మధ్య అంకె రెండు అంచులకూ నడుమ ఉంది, అంటే గాలి సరిపోయినట్టే. మధ్య అన్నిటికన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువ, అన్నిటికన్నా చల్లగా ఉంటే తక్కువ. బయటి అంచు వేడి మాత్రం గాలితో తీరేది కాదు. చక్రం పైభాగం లోపలికి ఇంకొంచెం వాలి ఉండాలి, అది క్యాంబర్ పని. గాలితో దాన్ని సరిదిద్దబోతే మధ్యభాగం పాడవుతుందని ఒప్పుకొని వదిలేశాను.

చిన్న చిన్న సంగతులు కొన్ని. పిట్‌లో ఆగగానే హ్యాండ్‌బ్రేకు వేయకండి, వెనక బ్రేకులు కాలిపోతూ ఉంటాయి. గేరులో ఉంచి చక్రానికి అడ్డం పెట్టండి. వాల్వు మూత తీయడానికి చేతికి తొడుగు వేసుకోండి, రిమ్ ముట్టుకుంటే వేళ్లు కాలతాయి. నాకు రెండు వేళ్లు కాలాయి. బ్రేకుల వేడి రిమ్ గుండా లోపలి గాలికి చేరుతుంది కాబట్టి, ఆగిన రెండు నిమిషాల తర్వాత కొలిస్తే మొదట చూసినదానికన్నా అర పీఎస్ఐ పెరిగి కనిపించింది. అందుకని ఎప్పుడూ ఒకే వరుసలో, ముందు ఎడమ నుంచి మొదలుపెట్టి, ఆగిన వెంటనే కొలుస్తున్నాను.

రెండో సెషన్ నాటికి ఎండ ఎక్కింది. ముందు 39న్నర, 38న్నర వచ్చాయి. మళ్లీ 38కి దించాను. మూడో సెషన్ తర్వాత ముందు రెండూ 38, వెనక రెండూ 36. వదలాల్సింది ఏమీ లేదు. ఆ ఇరవై నిమిషాల్లో మొదటి ల్యాపులో కారు ఎలా తిరిగిందో చివరి ల్యాపులోనూ అలాగే తిరిగింది. జూన్ నుంచి నేను కోరుకున్నది అంతే. బయటికి వచ్చాక హెల్మెట్ తీయకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ సాయంత్రం గాలి నింపుకొని ఇంటికి వెళ్లిపోవచ్చు. కావాలనే వెళ్లలేదు. అనుమతి తీసుకొని కారును ప్యాడాక్‌లోనే (ట్రాక్ దగ్గర కార్లు నిలిపే స్థలంలో) వదిలి, రాత్రి దగ్గర్లో బస చేశాను. సరిగ్గా కుదిరిన ఈ గాలి, ఒక్క ఊపిరి కూడా కలపకుండా తీయకుండా, చల్లబడితే ఎంత చూపిస్తుందో నాకు కావాలి. పన్నెండు గంటలకు పైగా ఆగి, ఆదివారం ఎండ తగలకముందే కొలిచాను. బయట వాతావరణం 16 డిగ్రీలు. ముందు ఎడమ 29, ముందు కుడి 31, వెనక ఎడమ 30న్నర, వెనక కుడి 31న్నర.

తేదీ, ట్రాక్, 16 డిగ్రీలు, నాలుగు అంకెలు రాసుకున్నాను. తర్వాతి ట్రాక్ డే నవంబరులో. ఆ ఉదయం 10 డిగ్రీలే ఉంటే ఇదే గాలి 28గా కనిపిస్తుంది, కానీ చలిలో టైరు ఇంతగా వేడెక్కదు కాబట్టి ముందు ఎడమ 29 దగ్గరే మొదలుపెడతాను. వాన పడితే ఇంకో రెండు మూడు కలుపుతాను, తడి ట్రాక్ మీద టైరు వేడెక్కనే వేడెక్కదు. అది కూడా పక్కన పెన్సిలుతో రాసి, పంపు తీసి నాలుగు టైర్లలోనూ 33 దాకా గాలి కొట్టాను. పంపు చిన్నది కావడంతో అన్నిటికీ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. వాల్వు మూతలు బిగించి ఇంటికి బయలుదేరాను.